డాక్టరమ్మ గారు రాయనివ్వని మాట

మార్చి నెల వచ్చిందంటే మా ఆసుపత్రిలో ముందు తుమ్ములు వినపడతాయి, తర్వాత మనుషులు కనపడతారు. మొన్న ఒకావిడ మిర్చి కల్లంలోంచి నేరుగా వచ్చేసింది. చీర కుచ్చిళ్ళ నిండా ఎర్రటి దుమ్ము, జుట్టులో తొడిమలు. ఆవిడ వార్డులో అడుగు పెట్టగానే ఇద్దరు రోగులు, నేను, నా పక్కనున్న నర్సు వరసగా తుమ్మాం. పాపం, ఆవిడ సిగ్గుపడి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "రా అమ్మా, మేమూ ఈ ఘాటులో పెరిగినవాళ్ళమే" అని కుర్చీ వేశాను. గుంటూరులో ఇన్నేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నా, ఆ ఘాటు ముక్కుకి తగిలితే చాలు, నాకు పొదిలిలోని రెండు గదుల ఆసుపత్రి గుర్తొస్తుంది. నా మొహం చూడకముందే గట్టిగా తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ "ఎవరే ఈ మిరపకాయల బస్తా?" అని అడిగిన డాక్టర్ జైనబ్ గారు గుర్తొస్తారు. ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. మనిషి పొట్టి, గొంతు గట్టి. లోపలి గదిలో ఒక రోగిని తిడితే బయట వరండాలో ఉన్నవాళ్ళందరూ మందులు సరిగ్గా వేసుకునేవాళ్ళు.

అప్పటికి నాది ఎనిమిదో తరగతి. తొంభైల చివరి మాట. నాకు చదవడం వచ్చేది కాదు. అక్షరాలు తెలియక కాదు, విడివిడిగా అడిగితే అన్నీ చెప్పేదాన్ని. పక్కపక్కన నిలబెడితేనే అవి నా మాట వినేవి కావు. ఒక అక్షరం నెత్తిన ఉండాల్సిన గుడి ఇంకోదాని మీదికెక్కేది, ఒత్తులు జారిపోయేవి. వాక్యం చివరికి చేరేసరికి మొదలేమిటో మరిచిపోయేదాన్ని. లెక్క నోటితో అడిగితే టక్కున చెప్పేదాన్ని, అదే లెక్క పుస్తకంలో కనిపిస్తే తెల్లమొహం వేసేదాన్ని. బడిలో నా పేరు మొద్దు పద్మ. మా నాన్న కోటేశ్వరరావు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. పత్తికి ఒక మందు పనిచెయ్యకపోతే ఇంకో మందు కొట్టినట్టు, నన్నూ డాక్టర్ల చుట్టూ తిప్పాడు. కళ్ళ డాక్టరు అద్దాలు రాశాడు. చెవుల డాక్టరు గులిమి తీశాడు. నరాల డాక్టరు బలానికి సూదులు పొడిచాడు. ఇంకొకాయన జ్ఞాపకశక్తికి టానిక్ ఇస్తే, తియ్యగా ఉందని మా తమ్ముడు తాగేశాడు. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు "ఏదీ, నాలుగు ముక్కలు చదువు, వింటాను" అనలేదు. ఇప్పటికీ నాకది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

జైనబ్ గారి దగ్గరికి వెళ్ళింది నాకోసం కూడా కాదు. మా అమ్మకి కళ్ళు తిరుగుతుంటే తోడు వెళ్ళాను. ఆవిడ అమ్మని చూసి మందుల చీటీ రాసి ఇచ్చారు. అమ్మ దాన్ని తిన్నగా నా చేతిలో పెట్టింది. "ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చదవ్వే" అంది. నేను చీటీ వంక చూస్తూ నిలబడ్డాను. చెవులు వేడెక్కడం నాకు తెలుస్తోంది. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎందుకమ్మా దీనికి చదువులు! ఎన్ని డబ్బులు పోసినా ఇంతేనండి ఇది" అని డాక్టరమ్మ గారికి ఫిర్యాదు చేసింది. ఆవిడ అమ్మని పట్టించుకోలేదు. నన్నే చూస్తున్నారు. "ఆ చీటీ నా చేతిరాత. అల్లా దిగొచ్చినా చదవలేడు. దాన్ని అక్కడ పెట్టి ఇలా రా" అని గోడమీద అతికించిన విరేచనాల పోస్టరు చూపించి చదవమన్నారు. చదివాను. చదివానంటే, బొమ్మ చూసి సగం ఊహించి, మిగతా సగం తడుముకున్నాను. ఆవిడ నవ్వలేదు, తొందర పెట్టలేదు. తర్వాత ఆ పోస్టరునే తను పైకి చదివి, "ఇప్పుడు నాకు చెప్పు" అన్నారు. ఉప్పెంత, చక్కెరెంత, నీళ్ళెంత, పిల్లాడికి ఎలా పట్టాలి, అన్నీ అప్పజెప్పేశాను. ఆవిడ పెన్ను బల్లమీద పెట్టేశారు.

"ఏమ్మా, ఈ పిల్ల మొద్దని ఎవరన్నారు?"

"అందరూ అన్నారండి."

"అందర్నీ ఒకసారి నా దగ్గరికి పంపించు. మొద్దెవరో తేలుద్ది" అన్నారు. ఆ తర్వాత కొంచెం నెమ్మదిగా చెప్పారు. దీన్ని డిస్లెక్సియా అంటారని, కళ్ళలో లోపం లేదని, తెలివిలో అసలే లేదని, కొందరి బుర్ర అక్షరాల్ని వేరే దారిలో పట్టుకుంటుందని. అమ్మ అంతా విని, అసలు సంగతి అడిగింది.

"దీనికి మందుందా అమ్మా?"

"లేదు."

"పోనీ, ఒక సూదన్నా వెయ్యండి."

మా వైపు సూది వెయ్యని డాక్టరు డాక్టరే కాదు. మందూ లేక, సూదీ లేక, ఊరికే ఒక ఇంగ్లీషు పేరు చెప్పి పంపితే మా నాన్న మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వడని ఆవిడకీ తెలుసు. "సరే, వేస్తాను" అని అమ్మ కనురెప్ప లాగి చూపించి, "రక్తం లేదు నీకు. సూది నీకే" అని అమ్మకే వేశారు. అమ్మ చెయ్యి రుద్దుకుంటూ, "మంచి డాక్టరమ్మే, హస్తవాసి ఉంది" అంటూ సంతోషంగా బస్సెక్కింది. నేను మాత్రం దారిపొడుగునా ఆ ఇంగ్లీషు పేరు లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నాను. నాకున్నదానికి ఒక పేరుంది. ఆ పేరు మొద్దు కాదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ప్రతి ఆదివారం రమ్మన్నారు. "నేను టీచర్ని కాను. కానీ నీకు చెవులున్నాయి, నాకు నోరుంది. మిగతాది చూసుకుందాం" అన్నారు. బల్లమీద ఒక టేపురికార్డరు పెట్టుకుని, రోగులు లేని సమయం చూసి నా సోషలు పాఠాలు, సైన్సు పాఠాలు క్యాసెట్లలోకి చదివేవారు. రోగులు లేని సమయం ఆవిడకెక్కడిది? పాఠం మధ్యలో ఎవరో ఒకరు వచ్చేవారు. మిషను ఆపడం ఆవిడకి గుర్తుండేది కాదు. అందుకని నా క్యాసెట్లలో కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుట్టేది, కొంచెం దూరం పారేది, ఇంతలో "వీడు బలపం చెవిలో పెట్టుకునేదాకా నువ్వేం చేస్తున్నావమ్మా, గుడ్లప్పగించి చూస్తున్నావా?" అని ఒక కేక, పిల్లాడి ఏడుపు, ఆ తర్వాత మళ్ళీ నది తూర్పుకి పారి బంగాళాఖాతంలో కలిసేది. నేను పత్తి ఏరుతూ, కాయలు ఎండబోస్తూ వాటినే వినేదాన్ని. కల్లంలో కూలీలకి కూడా నా సోషలు సగం వచ్చేసింది.

ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను. ఆవిడ క్యాసెట్టు తిప్పి పెడుతూ చెప్పారు. "మా తమ్ముడు ఖాజాది నీ బాపతే. వాడికి చదవడం రాదని బడిలో పంతులు కొట్టేవాడు, ఇంటికొస్తే నేను కొట్టేదాన్ని. మీ అక్కని చూసి బుద్ధి తెచ్చుకోరా అని మా నాన్న కొట్టేవాడు. పన్నెండో ఏట పారిపోయి చీమకుర్తి రాళ్ళ క్వారీలో చేరాడు. తర్వాత నేను డాక్టరీ చదువుతుంటే, పుస్తకంలో ఒకచోట మా ఖాజానే కనపడ్డాడే పిల్లా. అచ్చంగా వాడే. ఆ పుటలు పరీక్షలో రావు, వదిలెయ్యమన్నారు నా తోటివాళ్ళు." అంతే, మిషను నొక్కి రెండో పాఠం మొదలుపెట్టారు.

పదో తరగతి దగ్గర పడింది. టెన్త్ పాసైతే ఇంటరు, ఆ తర్వాత నర్సు ట్రైనింగు. నా మనసంతా దానిమీదే. ఫెయిలైతే చదువు మాన్పించి పొలానికి పంపుతానని నాన్న ముందే చెప్పాడు. పక్కన ఎవరైనా కూర్చుని ప్రశ్నపత్రం చదివి పెట్టి, కొంచెం సమయం ఎక్కువిస్తే నేను పాసవుతానని డాక్టరమ్మ గారి నమ్మకం. దానికి డాక్టర్ల బోర్డు సర్టిఫికెట్ కావాలట. నాన్నని, నన్ను వెంటబెట్టుకుని ఆవిడే ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అది ఏ ఆసుపత్రో చెప్పను. ఆ రోజుల్లో ఎక్కడికెళ్ళినా అదే తంతు. ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. కళ్ళు చూశారు, బాగున్నాయి. చెవులు చూశారు, బాగున్నాయి. నడవమన్నారు, నడిచాను. పెద్ద డాక్టరు గారు వయసు మళ్ళిన మనిషి, మర్యాదస్తుడు. "లోపం ఏదమ్మా? మా దరఖాస్తులో కన్ను, చెవి, కాలు, బుద్ధి అని నాలుగు గళ్ళే ఉన్నాయి. ఇందులో ఏ గడిలో రాయమంటారు?" అని అడిగారు.

"ముందు పిల్లని పాఠం అడగండి సార్. తర్వాత గడి సంగతి" అన్నారు జైనబ్ గారు.

ఆయన కృష్ణానది గురించి చెప్పమన్నారు. కళ్ళు మూసుకుని క్యాసెట్టు ఎలా ఉందో అలా అప్పజెప్పడం మొదలుపెట్టాను. మహాబలేశ్వరం చెప్పాను, పశ్చిమ కనుమలు చెప్పాను, అదే ఊపులో "వీడు బలపం చెవిలో పెట్టుకునేదాకా నువ్వేం చేస్తున్నావమ్మా, గుడ్లప్పగించి చూస్తున్నావా?" అని కూడా గట్టిగా అనేశాను. అనేశాక గానీ తెలియలేదు. గది ఘొల్లుమంది. పెద్ద డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. జైనబ్ గారి మొహం ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను. నవ్వులు సద్దుమణిగాక పెద్దాయన అన్న మాట వినండి.

"బ్రహ్మాండమైన జ్ఞాపకశక్తి అమ్మా! ఇంత తెలివైన పిల్లకి సర్టిఫికెట్ ఎందుకు?"

తెలివి లేకపోతే సాయం చేస్తారట, ఉంటే సాయం అక్కర్లేదట. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. డాక్టరమ్మ గారు ఎంత చెప్పినా ఆయనకి గడి దొరకలేదు. చివరికి ఆయనే జాలిపడ్డారు. "పోనీ, మీరింత దూరం వచ్చారు గనక, బుద్ధిమాంద్యం అని రాస్తాను. గంట ఎక్కువిస్తారు, చదివి పెట్టేవాళ్ళని ఇస్తారు. అమ్మాయి గట్టెక్కుద్ది" అన్నారు. ఆయన మంచికే అన్నారని నాకిప్పుడు తెలుసు. నాన్న చేతులు జోడించాడు. "రాయండి బాబూ, కాగితమే కదా" అన్నాడు.

"ఏమయ్యా కోటేశ్వరరావూ, ఆ మాట కాగితం మీదే ఉంటదనుకుంటున్నావా? రేపు ఏ నర్సింగు స్కూలైనా ఆ కాగితం చూసి దీన్ని లోపలికి రానిస్తదా?" అన్నారు జైనబ్ గారు. నాన్నకి కోపం వచ్చింది. "ముందు టెన్త్ గట్టెక్కాలి గదండీ!" అన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఉన్నట్టుండి ఆవిడ నావైపు తిరిగారు. "ఒకళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళనే అడగాలి. నువ్వు చెప్పు పద్మా. ఆ మాట రాస్తే ఈ ఏడు పాసవుతావు. వద్దంటే ఏమవుతుందో నేను చెప్పలేను" అన్నారు. నాకు పదిహేనేళ్ళు. అప్పటిదాకా నన్ను తిట్టారు, పొగిడారు, చూపించారు, సూదులు పొడిచారు. అడగడం మాత్రం అదే మొదలు. నేను నాన్న మొహం చూడకుండా "వద్దమ్మా" అన్నాను.

ఆ ఏడు ఫెయిలయ్యాను. తెలుగు, సోషలు పోయాయి. వచ్చిన పాఠాలే. ప్రశ్నలు చదివేసరికే సమయం అయిపోయింది. నాన్న నాతో మాట మానేశాడు. ఫలితాలు తెలిసిన మర్నాడు జైనబ్ గారు బస్సు దిగి, ఎండలో తిన్నగా మా కల్లంలోకి నడిచొచ్చారు. పదిమంది కూలీలు చూస్తుండగా, మిరపకాయల ఘాటుకి దగ్గుతూ తుమ్ముతూ మా నాన్నతో అన్నారు. "నీ కూతురు తప్పలేదయ్యా. తప్పింది మేం, డాక్టర్లం. ఇంకొక్క ఏడు నాకివ్వు. దాన్ని పొలానికి పంపకు." నాన్న ఆవిడకి కూర్చోవడానికి గోనెసంచి పరిచి, తాగడానికి మజ్జిగ తెప్పించాడు. మా నాన్న ఒప్పుకున్నాడని అలాగే తెలుసుకోవాలి.

ఆ ఏడు ఆవిడ తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. సెలవురోజు వస్తే చాలు, ఏదో ఒక ఊళ్ళో బడికి పోయేవారు, అక్కడి ప్రభుత్వ డాక్టర్ని కూడా లాక్కొచ్చేవారు. "పళ్ళు చూస్తున్నారు, గజ్జి చూస్తున్నారు. చదవలేని పిల్లని కూర్చోబెట్టి ఎందుకు చదవలేకపోతోందో కూడా చూడండి, అదీ మన పనే" అని పోట్లాడేవారు. కొందరు విన్నారు. కొందరు ఈవిడకి పిచ్చన్నారు. మరుసటి ఏడు బోర్డు రోజుకి ఆవిడ నన్నొక్కదాన్నే తీసుకెళ్ళలేదు. ఊళ్ళూళ్ళనుంచి నాలాంటి పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని బస్సు మాట్లాడి దించారు. ఆసుపత్రి వరండా చాల్లేదు. పెద్ద డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి చూసి నిర్ఘాంతపోయారు.

"ఇంతమందా అమ్మా?"

"వీళ్ళు దొరికినవాళ్ళు సార్. దొరకనివాళ్ళు పొలాల్లో ఉన్నారు, క్వారీల్లో ఉన్నారు."

ఆయన జైనబ్ గారి చేతిలో ఉన్న వైద్యపుస్తకం అడిగి తీసుకుని, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఆవిడకి ఖాజా కనపడ్డ ఆ పుటలు మొదట్నుంచి చివరిదాకా చదివారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి చదివించారు, అడిగారు, విన్నారు. నా కాగితం మీద నాలుగు గళ్ళూ ఖాళీగా వదిలి, కింద తన చేత్తో రాశారు: చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, బుద్ధిలో ఏ కొరతా లేదు, ప్రశ్నలు చదివి వినిపించాలి. అది నాకు పైకి చదివి వినిపించి, "సరిగ్గా రాశానా అమ్మా?" అని అడిగారు. పెద్దమనిషి. ఆయనమీద నాకున్న కోపం ఆ ఒక్క ప్రశ్నతో పోయింది. ఆ ఏడు పాసయ్యాను. నాన్న ఊరంతా మిఠాయి పంచి, "మా పద్మది మొదట్నుంచీ మంచి బుర్ర" అని అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనివ్వండి!

నర్సునయ్యాను. ఇప్పటికీ మందు పేరు వేలు పెట్టి రెండుసార్లు చదువుతాను, పక్క నర్సుకి వినిపించి గానీ సిరంజి పట్టుకోను. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి, ఒక ఉదయం నా వార్డులోకే జైనబ్ గారిని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. మెదడులో రక్తం గడ్డకట్టింది. పక్కన నెరిసిన గడ్డంతో ఆవిడ తమ్ముడు ఖాజా గారు ఏడుస్తూ నిలబడ్డారు. ప్రాణగండం తప్పింది. మాట స్పష్టంగానే ఉంది, చేతులూ ఆడుతున్నాయి. అయితే మూడో రోజు నేను డ్యూటీకి వచ్చేసరికి, మా వార్డు కుర్ర డాక్టరు కేసు షీటులో ఇలా రాసిపెట్టాడు: మతిస్థిమితం లేదు, సహకరించడం లేదు. పరీక్షకని ఒక కాగితం ఇచ్చి చదవమంటే విసిరికొట్టారట.

నేను స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. "ఏమైందమ్మా?" అని అడిగాను. చాలాసేపు అటు తిరిగి పడుకున్నారు. తర్వాత చిన్న గొంతుతో, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, "అక్షరాలు కనపడుతున్నాయే. మాటలు కావడం లేదు. ఎవరికీ చెప్పకు" అన్నారు. వందమంది పిల్లలకి సిగ్గెందుకురా అని చెప్పిన మనిషి! "చెప్పాలమ్మా. చెప్పకపోతే వాళ్ళిష్టం వచ్చింది రాస్తారు" అన్నాను. "మీరు చెప్పండి, చెప్పనా వద్దా?" అని అడిగాను. కళ్ళు మూసుకుని, చెప్పమన్నట్టు తలూపారు.

కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ మాట కొట్టెయ్యమన్నాను.

"సిస్టర్, నేను చూసే కదా రాసింది?"

"చూశారు సార్. అడగలేదు."

మొహం చిట్లించాడు గానీ వచ్చాడు. కూర్చున్నాడు. పేరు రాయమంటే ఆవిడ గుండ్రంగా తన పేరు రాశారు. రాసిందే చదవమంటే చదవలేకపోయారు. మెదడులో ఇలా రక్తం గడ్డకడితే ఒక్కోసారి ఒక్క చదువు మాత్రమే పోతుందని ఆయన పుస్తకంలో చదివాడట, మనిషిలో చూడటం ఇదే మొదలట. "సారీ అమ్మా" అని ఆ రెండు మాటలూ అడ్డంగా కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాసి, ఇద్దరికీ వినిపించి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక జైనబ్ గారు ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

"భయమేసిందే పద్మా. పిచ్చిదాన్నని అనుకుంటారని భయమేసింది."

"నాకూ వేసేదమ్మా. ఎనిమిదేళ్ళు రోజూ వేసేది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మా తమ్ముడికీ వేసి ఉంటుంది" అన్నారు. ఖాజా గారు గుమ్మం దగ్గర నిలబడి వింటూనే ఉన్నారు. లోపలికి వచ్చి, మంచం అవతలి పక్కన కూర్చుని, అక్క రెండో చెయ్యి పట్టుకున్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. వార్డులో ఇప్పటికీ ఎవరైనా కాగితం విసిరికొడితే, మందు తప్పు వేసుకుంటే, మూడుసార్లు చెప్పినా అర్థం కాలేదంటే, తోటివాళ్ళు ముందు పెన్ను తీస్తారు. నేను ముందు కూర్చుంటాను. "ఏం ఇబ్బందిగా ఉందమ్మా, నువ్వు చెప్పు" అంటాను. కొందరు వెంటనే చెప్పరు. గోడవైపు తిరిగి పడుకుంటారు. నేను లేవను.